సబ్బు కంపెనీకి నచ్చే మాటలే మాట్లాడాలా?

ఈ పక్షం మా పత్రిక వెనక అట్ట ఖాళీగా వచ్చింది. మీరు చూసే ఉంటారు. అది ప్రెస్సువాళ్ళ పొరపాటు కాదు. మూడేళ్ళుగా ఆ అట్ట మీద ప్రకటన ఇస్తున్న బట్టల దుకాణం ఆసామి ఇకమీదట ఇవ్వనన్నాడు. సంగతేందో కనుక్కుందామని మావాళ్ళిద్దరు పోయారు. మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "తమ్ముడూ, మీ ఉద్యమం మీద నాకేం కోపం లేదు. ఏప్రిల్ 14కి పందిరి ఖర్చు నేనే ఇస్తున్నా గదా. కానీ పోయిన సంచికలో ఆ ఆడమనిషి చెప్పిన సంగతులు ఇంట్ల ఆడపిల్లలు చదివేటివేనా? పేజీ తిప్పితే నా దుకాణం పేరు. పెళ్ళి పట్టుచీరలమ్మేటోణ్ణి. నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ ఆడమనిషి పాలమూరు వైపు పల్లెలో జోగినిగా బతికిన మా పెద్దమ్మ. తనని దేవతకిచ్చిన రోజునుంచి ఊరు తనని ఏ మాటలతో పిలిచిందో, జాతరలో ఎవరెవరు ఏమేం చేసిందో, తెల్లారి అదే మనుషులు తన నీడ పడితే ఎట్లా పక్కకి తప్పుకుందో ఆమె చెప్పింది. మేం రాసుకున్నాం. రాసుకున్నది ఆమెకి చదివి వినిపించాం. ఒక్కచోట మావాడు కొంచెం నాజూకు మాట వేస్తే, "నేనట్ల అన్లేదు బిడ్డా" అని దిద్దించింది. ఆమె మాట ఆమె మాటగానే అచ్చేశాం. జోగిని వ్యవస్థని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. ఆమెకి జరిగినదంతా ఆ చట్టం పుస్తకంలో ఉండగానే జరిగింది. ఊళ్ళో జరిగినప్పుడు ఎవరికీ అశ్లీలం అనిపించలేదు. పత్రికలో పడ్డాక అనిపించింది.

దుకాణం ఆసామి మీద మాకు పగ లేదు. డబ్బులు ఆయనవి, ఇస్తాడో మానుకుంటాడో ఆయన ఇష్టం. ఈ సంగతి ఇంత పొడుగున రాయడం ఆయన కోసం కాదు. ఆయన నోట్లోంచి వచ్చిన నియమం ఆయన సొంతది కాదు గనక రాస్తున్నాం. అది చాలా పాతది, చాలా పెద్దది. ఇప్పుడైతే దేశదేశాల కంపెనీలు దాన్ని అచ్చేసి మరీ పెట్టుకున్నాయి.

పాతది ఎంత పాతదో చెబుతాం. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పెట్టాడు. సాహు మహరాజు ఇచ్చిన 2500 రూపాయలు దాని పెట్టుబడి. పత్రిక వస్తోందని నలుగురికి తెలియాలిగదా. అందుకని డబ్బులు కడతాం, ప్రకటన వేయండని పూనా 'కేసరి'ని అడిగారు. కేసరి వేయనంది. అప్పటికి తిలక్ బతికే ఉన్నాడు. స్వరాజ్యం జన్మహక్కన్న పెద్దమనిషి పత్రికకి, అంటరానోడి చేతి డబ్బు కూడా అంటరానిదే అయింది. అందులో బూతు ఉందా? లేదు. పత్రిక పేరుంది, అంతే. మూగవాళ్ళ నాయకుడు అనే ఆ పేరే వాళ్ళకి సభ్యత కాకుండా పోయింది. ప్రకటన వేసేదెవరిది, వేయకూడనిదెవరిది అనే లెక్క మన దగ్గర ఒంటిమీద బట్టని చూసి మొదలవలేదు, కులాన్ని చూసి మొదలైంది. ఈ సంగతి మరిచిపోతే తర్వాత సంగతులేవీ అర్థం కావు.

ఇరవైమూడేళ్ళ తర్వాత, 1943లో, పూనాలోనే రనడే జయంతి సభలో మాట్లాడుతూ ఆయన మన దేశపు పత్రికల్ని సబ్బుల తయారీ వ్యాపారంతో పోల్చాడు. ఊరికే అన్నాడా? సబ్బు తయారుచేసేవాడికీ పత్రిక నడిపేవాడికీ బాధ్యతలో తేడా లేకుండా పోయిందన్నది ఆయన బాధ. ఇవాళ పరిస్థితి ఇంకో మెట్టు కిందికి దిగింది. సబ్బు కంపెనీవాడు పత్రికని పోలడం కాదు, పత్రికలో ఏ మాట ఉండాలో వాడే చెబుతున్నాడు.

మరి వాళ్ళకి సభ్యంగా తోచే ప్రకటనలెలా ఉంటాయో ఒకసారి చూద్దాం. ఆదివారం పేపరు తీయండి. పెళ్ళిసంబంధాల పేజీ. "కులపట్టింపు లేదు" అని ఉంటుంది. పక్కనే బ్రాకెట్లో "ఎస్సీ ఎస్టీలు మినహా". రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955 నుంచి పౌరహక్కుల చట్టం ఉంది. అయినా ఆ బ్రాకెట్టుకి అక్షరానికింతని రేటు కట్టి వసూలు చేసుకున్న పత్రికలున్నాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఆడపిల్లలు కూడా, ఎర్రపెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ చదివే పేజీ అది. దాన్ని అశ్లీలం అని ఏ పట్టుచీరల ఆసామీ ఇప్పటిదాకా అనలేదు. మా లెక్కలో తెలుగు అచ్చులో అంతకన్నా పచ్చి బూతు లేదు.

అదే పేపర్లో లోపలి పేజీ. నరాల బలహీనత, మగతనం, పాతికేళ్ళ అనుభవం, లాడ్జి పేరు, రూము నెంబరు. మగతనం పెంచుతామనే మందుల ప్రకటనలు చెల్లవని 1954లోనే చట్టం చేశారు. వాటిమీద డెబ్బై ఏళ్ళుగా పేపర్లు బతుకుతున్నాయి. టీవీలో అయితే చెప్పనే అక్కర్లేదు. 2022 జూన్‌లో ఒక అత్తరు డబ్బా ప్రకటనలో, ఒంటరి అమ్మాయి వెనక నలుగురు మగాళ్ళు నిలబడి 'షాట్' అనే మాటతో గుంపు అత్యాచారాన్ని హాస్యం చేశారు. జనం తిట్టిపోస్తే కేంద్ర ప్రసారశాఖ తీసేయమంది. తీసేశారు. సరే. కానీ అది తయారైన దారి చూడండి. రాసినోడు, తీసినోడు, డబ్బులిచ్చినోడు, వేసినోడు, ఇంతమంది చేతులు దాటి వచ్చింది గదా. ఒక్కడికీ కుటుంబం గుర్తుకు రాలేదు. తెల్లతోలు క్రీములు సరేసరి. 1975 నుంచి మన నల్లపిల్లల్ని ఏడిపించి అమ్ముకుని, 2020లో పేరులోంచి ఒక మాట మార్చుకున్నారు.

అంటే ఒంటిని అమ్మకానికి చూపిస్తే సభ్యత. ఆ ఒంటికి జరిగినదాన్ని చెబితే అసభ్యత.

ఇక్కడ కోర్టు సంగతి ఒకటి చెప్పాలి. అట్రాసిటీ కేసు పెట్టబోయినవాళ్ళకి బాగా తెలుసు. 1989 చట్టం కింద కులం పేరుతో తిట్టారని ఫిర్యాదిస్తే మొట్టమొదట అడిగేదేమిటి? "సరిగ్గా ఏమన్నాడు? అన్న మాట అన్నట్టు చెప్పు." ఫిర్యాదులో "కులం పేరుతో దూషించాడు" అని మర్యాదగా రాస్తే అవతలి వకీలు దాన్నే పట్టుకుని కేసు కొట్టించేస్తాడు. అమ్మ, ఆలి, కులం అన్నీ కలిపి వాడు ఏం కూశాడో అది అక్షరాలా కాగితం మీదికి రావాలి. అది కూడా నలుగురి ముందు, స్టేషన్లో, తర్వాత బోనులో మళ్ళీ పలకాలి. మా తల్లులు పలికారు. అదే చట్టంలో బట్టలూడదీయడం, నగ్నంగా ఊరేగించడం నేరాలని విడిగా పేరుపెట్టి రాశారు. ఎందుకు రాయాల్సి వచ్చింది? అది ఈ దేశంలో జరిగే పని గనక. రాజ్యాంగం నడిపే కోర్టేమో ఆ మాట పలకకపోతే న్యాయం లేదంటుంది, ప్రకటన ఇచ్చేవాడేమో పలికితే పైసా లేదంటాడు. మధ్యలో మేం పత్రిక నడపాలి.

నగ్నత్వం అంటే ఏమిటో సుప్రీంకోర్టు 1996లో 'బాండిట్ క్వీన్' కేసులో తేల్చింది. ఫూలన్‌దేవిని ఊరందరి ముందు బట్టల్లేకుండా నడిపించిన దృశ్యం కోరికని రేపేది కాదు, చేసినవాళ్ళ మీద అసహ్యం పుట్టించేది, కాబట్టి అశ్లీలం కాదంది. చట్టం అంతదూరం వచ్చింది. ప్రకటనల నియమం రాలేదు.

ఇప్పుడు కొత్త దొరల దగ్గరికి వద్దాం. మా పిల్లలు పత్రిక చదవడం కన్నా ఫోన్లో చూసేదే ఎక్కువ. వాడల్లో జరిగేవి వాళ్ళే తీసి, వాళ్ళే మాట్లాడి పెడుతున్నారు. మంచిదే. పెద్ద పేపర్ల గుమ్మం దగ్గర నిలబడే పని తప్పింది అనుకున్నాం. కానీ ఆ గుమ్మం పోలేదు, కనపడకుండా అయింది. 2017లో లండన్ 'టైమ్స్' పేపరు ఒక సంగతి బయటపెట్టింది. తీవ్రవాదుల వీడియోల పక్కన పెద్దపెద్ద కంపెనీల ప్రకటనలు పడుతున్నాయని. కంపెనీలు బెదిరి యూట్యూబ్‌కి డబ్బులాపేశాయి. దాంతో యూట్యూబ్ నియమాలు బిగించింది. 2018లో వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల వాటా అంది. చిన్నవాళ్ళు ఒక్క దెబ్బకి బయట పడ్డారు. ఆపైన 'ప్రకటనదారుకి అనుకూలమైన' విషయం అని ఒక కొలబద్ద. బూతుమాటలు, పెద్దలకు మాత్రమే అనదగ్గవి, హింస, ఇవే కాక 'వివాదాస్పద అంశాలు' అని ఒక తలకట్టు. దానికింద ఏముందో చూడండి: లైంగిక దాడి, వేధింపు, ఇంట్లో హింస, ఆత్మహత్య, గర్భస్రావం. ఇవి మా ఆడవాళ్ళ బతుకుల్లో సగం. కంపెనీ లెక్కలో వివాదం. ఆ తర్వాత కొన్ని సడలింపులు ఇచ్చారు, ఇవ్వలేదనం. కానీ కొలబద్ద ఎవరి చేతిలో ఉందన్నది మారలేదు.

వీళ్ళ తెలివి చూడాల్సింది ఇంకోచోట. పూర్తిగా తీసేసే సరుకు ఒకటి. పూర్తిగా మంచి సరుకు ఒకటి. నడుమ గీత మీద నిలబడ్డది మూడోది. దాన్ని తీసెయ్యరు. ఉంచుతారు. పసుప్పచ్చ గుర్తు పెట్టి ప్రకటనలు తగ్గిస్తారు. నిషేధించారని అరవడానికి లేదు, ఎందుకంటే నిషేధించలేదు. ఊళ్ళో ఉండొచ్చు, బావి దగ్గరికి రావద్దు. ఈ పద్ధతి మాకు చెప్పాల్సిన పనేముంది? వాడ ఊరికి తూర్పునో పడమటో ఎందుకుంటుందో పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం.

ఈ గీత గీసేది సగం మనిషి, సగం యంత్రం. యంత్రానికి మాట తెలుసు, మాట అన్నదెవరో తెలీదు. ప్రకటన ఇచ్చే కంపెనీలు తమ ప్రకటన ఫలానా మాటలున్న పేజీ పక్కన పడొద్దని జాబితాలిస్తాయి. చావు, దాడి, అత్యాచారం, ఇట్లాంటివి. అత్యాచారం చేసినోణ్ణి సమర్థించే పేజీకీ, చేయించుకున్నామె గోడు రాసిన పేజీకీ ఆ జాబితాలో తేడా ఉండదు. అమెరికాలో నల్లవాళ్ళకి జరిగింది చూడండి. 2021 ఏప్రిల్‌లో 'ది మార్కప్' అనే పత్రిక పరీక్షించి బయటపెట్టింది. యూట్యూబ్‌లో ప్రకటన వేయదలచినవాడు 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' అని వెతికితే గూగుల్ అడ్డుపడింది. 'వైట్ లైవ్స్ మ్యాటర్' అని వెతికితే దారిచ్చింది. నల్లవాడి ప్రాణానికి విలువుందనే మాట ప్రమాదమైంది. తెల్లవాడి ఎకసెక్కెం మర్యాదైంది. కేసరి పత్రిక నూరేళ్ళ తర్వాత ఏ రూపంలో పుట్టిందో తెలిసిందా?

మన పిల్లల మీద దీని దెబ్బ మేం కళ్ళారా చూస్తున్నాం. దాడి జరిగిన ఊరికి పోయి వచ్చి, మాట్లాడేటప్పుడు 'అత్యాచారం' అనరు. 'ఆ పని' అంటారు, లేదంటే అక్షరం మింగి మధ్యలో చుక్క పెడతారు. చంపారనరు. కులం పేరు దగ్గర 'కూ' అని కూత వేస్తారు. ఎందుకురా అంటే, "రీచ్ పోద్దన్నా" అంటాడు. తిట్టినోడు పూర్తిగా తిట్టాడు. పడ్డోడు సగం సగం చెప్పుకుంటున్నాడు. ఈ సగం మాటల్తో రేపు కోర్టుకి పోతే నిలబడుతుందా? మా అమ్మలు స్టేషన్లో పలికిన మాటని, చదువుకున్న కొడుకులు రూపాయి కోసం మింగడం నేర్చుకుంటున్నారు. కోపంతో అనడం లేదు. వాడికి ఇంట్లో గడవాలి, కెమెరా కిస్తీ కట్టాలి. ఆ రూపాయి ఏ నియమం మీద వస్తోందో వాడికి తెలియాలని అంటున్నాం.

ఈ గొడవలో బాబాసాహెబ్ ఎక్కడ నిలబడ్డాడు? మనవాళ్ళలో కూడా చాలామందికి తెలియని సంగతి ఇది. బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అని ఒకాయన ఉండేవాడు. బ్రాహ్మణుడే. 1927 నుంచి 'సమాజ స్వాస్థ్య' అని మరాఠీ పత్రిక నడిపాడు. సంతాన నియంత్రణ, సుఖరోగాలు, ఆడామగా సంబంధాలు, పాఠకులు సిగ్గుపడుతూ అడిగే ప్రశ్నలకి సూటి జవాబులు. అంతకుముందే ఈ ప్రచారం వల్ల కాలేజీలో ప్రొఫెసరు ఉద్యోగం పోయింది. మడికట్టుకున్నవాళ్ళు అశ్లీలమని కేసులు పెట్టారు. 1934లో, ప్రశ్నలు జవాబుల శీర్షిక మీద పెట్టిన కేసులో, కర్వే తరఫున బొంబాయి హైకోర్టులో నిలబడి వాదించిన వకీలు ఎవరనుకున్నారు? డాక్టర్ అంబేద్కర్. మహద్ చెరువు, కాలారాం గుడి, గుండ్రబల్ల సమావేశాలు, పూనా ఒప్పందం, ఇన్ని మోసిన మనిషికి ఇది ఎందుకు? లైంగిక విషయం రాసినంత మాత్రాన అశ్లీలం కాదన్నాడు. పాఠకుడి ప్రశ్న వికారంగా తోస్తే దానికి మందు జ్ఞానమే గాని నోరు మూయించడం కాదన్నాడు. జడ్జి వినలేదు. కేసు ఓడిపోయింది. కర్వేకి 200 రూపాయల జరిమానా పడింది. ఆయన మాత్రం 1953లో చనిపోయేదాకా పత్రిక మానలేదు. పెద్ద ప్రకటనల పత్రిక కాదది. చేతి డబ్బు పెట్టి నష్టానికి నడిపాడు.

(కర్వే చెప్పిన సంతాన నియంత్రణకి ఇప్పటి గౌరవం కూడా వినండి. 2017 డిసెంబరులో కండోమ్ ప్రకటనలు రాత్రి పదినుంచి పొద్దున ఆరు దాకా మాత్రమే టీవీలో వేయమని కేంద్రం చెప్పింది. తర్వాత, రెచ్చగొట్టేవాటికే ఇది వర్తిస్తుందని సర్దుకుంది. రోగం మాత్రం ఇరవైనాలుగు గంటలూ అంటుకోవచ్చు.)

మమ్మల్ని మేం వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. మాలోనూ అడ్డంగా ఉన్న సంగతులున్నాయి. పోయిన సంచిక చదివి ఇద్దరు చెల్లెళ్ళు మా ఆఫీసుకి వచ్చి దులిపేశారు. ఒకామె నేరుగా అడిగింది: "అన్నా, దొరని తిట్టేటప్పుడు మీ కవులు వాని తల్లినీ పెళ్ళాన్నీ ఎందుకు తీస్తారు? వాడు మనల్ని తిట్టిన మాటే గదా అది? దాన్ని కూడా అణగారినోడి భాష అనే అచ్చేస్తారా?" జవాబు చెప్పలేకపోయాం. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేం. దళిత కవిత్వం మొదట్లో వాడభాషని బూతన్నవాళ్ళతో మేం పోట్లాడినం. ఆ పోట్లాటలో మా మగతనాన్ని కూడా వాడభాష కింద దాచుకున్న మాట నిజం. 'నల్లపొద్దు' సంకలనం వచ్చి మా ఆడవాళ్ళు వాళ్ళ కథ వాళ్ళే చెప్పుకున్నప్పుడు, ఊరి దొరతోపాటు ఇంటి మగాడు కూడా అందులో ఉన్నాడు.

రెండో చెల్లెలు అడిగింది ఇంకా బరువైంది. మా ఒంటిమీద జరిగినదంతా మళ్ళీమళ్ళీ వర్ణించి చెబితే చదివేవాడికి జాలి పుడుతుందా, ఇంకేమన్నా పుడుతుందా? ఫూలన్‌దేవి సంగతే తీసుకోండి. పైన సుప్రీంకోర్టు తీర్పుని మెచ్చుకున్నాం గదా. ఆ సినిమా వద్దని 1994లో కోర్టుకి పోయినవాళ్ళలో స్వయంగా ఫూలన్‌దేవి ఉంది. నన్నడక్కుండా నామీద జరిగిన అత్యాచారాన్ని తెరమీద ఎట్లా చూపిస్తారని ఆమె అడిగింది. తర్వాత రాజీ కుదిరింది, అది వేరే. అశ్లీలమా కాదా అని జడ్జీలూ సెన్సారువాళ్ళూ ప్రకటనదార్లూ తర్కించుకున్నారు. ఆమె అడిగింది అది కాదు. ఎవరి ఒళ్ళు, ఎవరి ఒప్పుకోలు అని అడిగింది. మాకు పనికొచ్చే నియమం ఏదన్నా ఉంటే ఆ ప్రశ్నలోంచే రావాలి.

కాబట్టి నలుగురం కూర్చుని మా పత్రికకి మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. దాడికి గురైన మనిషి సాక్ష్యం, ఆమె విని సరేనన్నాకే అచ్చవుతుంది. ఆమె వద్దంటే అచ్చుకెళ్ళే రోజైనా సరే తీసేస్తాం. పేరూ ఊరూ గుర్తుపట్టే ఆనవాళ్ళూ ఉండవు, అది చట్టం కూడా. ఆమె వాడిన మాట ఆమె చెప్పకుండా మార్చం. శత్రువు ఇంటి ఆడవాళ్ళ మీద బూతు ఉన్న కవిత ఎంత మంటలాగున్నా వెనక్కి పంపుతాం. ఇప్పటికే ముగ్గురు కవులు అలిగారు. ప్రకటనల్లో తెల్లబడే క్రీము, మగతనం మందు, తాయెత్తు, కులం బ్రాకెట్టున్న పెళ్ళిసంబంధం తీసుకోం. ప్రకటన ఇచ్చినవాళ్ళకి ఏ పేజీలో ఏముందో ముందుగా చూపించం.

దీనివల్ల వచ్చే నష్టం కూడా చెప్పాలి, దాచడం ఎందుకు. వెనక అట్ట డబ్బుతోనే కాగితం ఖర్చులో ఎక్కువ భాగం గడిచేది. ఈ సంచికకి ఎనిమిది పేజీలు తగ్గించాం. పోస్టు ఖర్చు ఇద్దరు టీచర్లూ ఒక ఆర్టీసీ కండక్టరూ పంచుకున్నారు. వచ్చే సంచికకి ఇంకా తెలీదు. చందా అయిపోయినవాళ్ళు పంపండి, పాత బాకీలున్న ఏజెంట్లు కాస్త గుర్తు చేసుకోండి.

పెద్దమ్మకి అట్ట ఖాళీగా ఎందుకొచ్చిందో చెప్పడానికి మావాడు పోయాడు. నావల్ల మీకు నష్టమొచ్చిందా అని మొదట బాధపడింది. తర్వాత, దుకాణం ఆసామి ఏ మాటలకి సిగ్గుపడ్డాడో అవి చదివి వినిపించమంది. విన్నాక, "ఇంకా సగమే చెప్పిన గదా" అన్నది. మిగతా సగం వచ్చే సంచికలో 5వ పేజీ నుంచి ఉంటుంది.